హెచ్. పైలోరీకి ఏ కోర్సు మంచిది? ముందు మీ పాత మందుల చీటీలు తీయండి

ఎండోస్కోపీ రిపోర్టులో "ఆర్‌యూటీ (ర్యాపిడ్ యూరియేజ్ టెస్ట్) పాజిటివ్" అని వచ్చిందంటే కడుపులో అల్సర్ (పుండు) తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉన్నట్టు. డాక్టరు రెండు వారాలకు యాంటీబయాటిక్‌లు రాస్తారు. ఇదే రిపోర్టుతో మీ తోడికోడలో బావమరిదో వేరే ఊళ్లో చూపించుకుంటే, వాళ్ల చీటీలో మందులు మీవాటితో ఒక్కటీ కలవకపోవచ్చు. అలాగని ఇద్దరు డాక్టర్లలో ఒకరు తప్పు రాశారని కాదు. ఈ ఒక్క క్రిమికి అరడజనుకు పైగా కోర్సులున్నాయి. ఏది ఎవరికి పనిచేస్తుందన్నది ఆ మనిషి ఇంతకుముందు ఏయే యాంటీబయాటిక్‌లు మింగాడన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆ సంగతి డాక్టరుకు తెలియదు, మీకే తెలుసు. అందుకే ఈ పోలిక. ఇక్కడి మందులన్నీ చీటీ మీద తీసుకోవలసినవే. ఇది చదివి షాపుకెళ్లి కొనుక్కోవడానికి కాదు, డాక్టరు ముందు కూర్చున్నప్పుడు నాలుగు సరైన మాటలు చెప్పడానికి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ క్రిమిని ల్యాబులో పెంచి చూపించేదాకా అల్సర్ అంటే ఆమ్లం, కారం, టెన్షన్ అనే వైద్యులు కూడా నమ్మేవారు. ఎవరూ ఒప్పుకోకపోతే 1984లో మార్షల్ ఆ క్రిమి కలిపిన ద్రావణాన్ని తనే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని రుజువు చేశాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన ఇళ్లలో మాత్రం అల్సర్‌కి మొదటి ముద్దాయి ఇప్పటికీ ఆవకాయే.

ఈ క్రిమి కడుపు గోడ మీదున్న జిగురు పొరలో దాక్కుంటుంది. చుట్టూ అమ్మోనియా తయారుచేసుకుని ఆమ్లం నుంచి కాపాడుకుంటుంది. ఒక్క యాంటీబయాటిక్‌తో చావదు. పైగా అమాక్సిసిలిన్ లాంటి మందు క్రిమి విభజన చెందుతున్నప్పుడే దాన్ని చంపగలదు, కడుపులో ఆమ్లం బాగా తగ్గితేగాని ఆ విభజన జోరందుకోదు. అందుకే ప్రతి కోర్సులోనూ ఆమ్లాన్ని తగ్గించే మందు, మామూలుగా రోజుకు రెండుసార్లు, ఉంటుంది. అది మంట తగ్గడానికి ఇచ్చిన మాత్ర అనుకుని, "ఇప్పుడు మంట లేదుగా" అని మానేసేవాళ్లు చాలామంది. అది మానేస్తే మిగతా మందులకు బలం పోతుంది.

పాత చీటీలు ఎందుకంటే

ఈ క్రిమి మనకు ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది. అప్పటినుంచి అది కడుపులోనే ఉంది. ఈ మధ్యకాలంలో మీరు వేరే జబ్బులకు మింగిన ప్రతి యాంటీబయాటిక్ రుచీ అది చూసింది. గొంతు నొప్పికి మూడు రోజుల అజిత్రోమైసిన్ వేసుకున్నారా? అది క్లారిత్రోమైసిన్‌కి అన్నదమ్ముల వరస. ఒకదానికి అలవాటుపడ్డ క్రిమి రెండోదానికీ లొంగదు. నీళ్ల విరేచనాలకు మందుల షాపులో ఇచ్చే ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ మాత్రలో రెండు కుటుంబాలున్నాయి: ఒకటి లెవోఫ్లాక్సాసిన్ కుటుంబం, రెండోది మెట్రోనిడజోల్ కుటుంబం. పంటినొప్పికి, చిగుళ్ల వాపుకు, ఆడవాళ్లకు తెల్లబట్ట ఇన్‌ఫెక్షన్‌కి మెట్రోనిడజోల్ రాస్తారు. టైఫాయిడ్‌కు, మూత్రంలో మంటకు సిప్రోఫ్లాక్సాసిన్, అదీ లెవోఫ్లాక్సాసిన్ కుటుంబమే. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన పేరు లేని మాత్రల పొట్లాల సంగతి సరేసరి.

2003లో ఒక అధ్యయనం వెలువడింది. హైదరాబాద్, చెన్నై, లక్నో, ఢిల్లీ, చండీగఢ్‌లలో రోగుల నుంచి తీసిన క్రిములను పరీక్షించారు. మొత్తం మీద సుమారు 78 శాతం మెట్రోనిడజోల్‌కి, దాదాపు 45 శాతం క్లారిత్రోమైసిన్‌కి లొంగలేదు. మెట్రోనిడజోల్ విషయంలో ఢిల్లీ, చండీగఢ్‌ల కంటే హైదరాబాద్, చెన్నై చాలా అధ్వానం. ఇరవై ఏళ్లకు పైబడిన లెక్కే. కానీ ఈ ఇరవై ఏళ్లలో మనం యాంటీబయాటిక్‌లు తగ్గించి వాడామని ఎవరూ అనరు. అదే అధ్యయనంలో అమాక్సిసిలిన్‌కీ మూడో వంతు లొంగలేదని వచ్చింది గానీ, ప్రపంచంలో ఎక్కువచోట్ల అమాక్సిసిలిన్, టెట్రాసైక్లిన్ ఇప్పటికీ నమ్మదగ్గవే. బిస్మత్‌కి ఎదురుతిరిగే క్రిమి కనబడదు.

క్లారిత్రోమైసిన్ ట్రిపుల్: అందరికీ రాసేది, అందరికీ పనిచేయనిది

ఆమ్లం తగ్గించే మాత్ర, క్లారిత్రోమైసిన్ 500 ఎంజీ, అమాక్సిసిలిన్ 1 గ్రాము: మూడూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. అమాక్సిసిలిన్ 500 ఎంజీ గొట్టాలు (క్యాప్సూల్స్) రెండేసి అనుకుంటే రోజుకు ఎనిమిది. అన్ని కోర్సుల్లోకీ వేసుకోవడానికి తేలికైనది ఇదే. నోరు చేదెక్కడం, కాస్త విరేచనాలు మినహా పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఒకప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది కూడా. ఇప్పటికీ ఎక్కువ చీటీల్లో కనిపించేది ఇదే.

చిక్కంతా క్లారిత్రోమైసిన్‌తోనే. అమెరికా, యూరప్‌లలో వెయ్యి మందికి పైగా రోగుల మీద జరిగి 2022లో వెలువడిన పెద్ద పరీక్షలో, క్లారిత్రోమైసిన్‌కి లొంగని క్రిమి ఉన్నవాళ్లలో ఈ పాత ట్రిపుల్ కోర్సు పనిచేసింది 32 శాతం మందికే. ముగ్గురిలో ఇద్దరు రెండు వారాల పాటు మందులు మింగి, క్రిమిని అలాగే ఉంచుకున్నారన్నమాట. క్లారిత్రోమైసిన్‌కి లొంగని క్రిములు 15 శాతం దాటిన ప్రాంతంలో, పరీక్ష చేయకుండా దీన్ని మొదటి కోర్సుగా రాయొద్దని యూరప్ నిపుణుల మార్గదర్శకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2024లో ఇంకా గట్టిగా చెప్పింది: క్రిమి లొంగుతుందని పరీక్షలో తేలితేనే వాడండి అని.

గత కొన్నేళ్లలో అజిత్రోమైసిన్ గానీ, క్లారిత్రోమైసిన్ గానీ వాడిన గుర్తు ఉంటే ఈ కోర్సుకు నేనైతే మొగ్గను. జీవితంలో వాటి జోలికే పోలేదని ఖాయంగా చెప్పగలిగినవాళ్లు ఎందరుంటారు? కోవిడ్ రోజుల్లో అజిత్రోమైసిన్ మింగని ఇల్లే తక్కువ. ఇంకో సంగతి: కొలెస్టరాల్‌కి అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ వాడేవాళ్లు, గుండె లయ మందులు వాడేవాళ్లు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. క్లారిత్రోమైసిన్ వాటితో పడదు.

బిస్మత్ క్వాడ్రపుల్: మొరటుదే, కానీ నా ఓటు దీనికే

ఆమ్లం తగ్గించే మాత్ర రోజుకు రెండుసార్లు. బిస్మత్ నాలుగుసార్లు. టెట్రాసైక్లిన్ 500 ఎంజీ నాలుగుసార్లు. మెట్రోనిడజోల్ మూడు లేదా నాలుగుసార్లు; మన దగ్గర 400 ఎంజీ మాత్రగా దొరుకుతుంది. కూడితే రోజుకు 13, 14 మాత్రలు. 14 రోజులకు రెండు వందలకు కాస్త తక్కువ. చీటీ చూడగానే భయం వేసేది ఈ కోర్సే. అయినా క్రిమి దేనికి లొంగుతుందో తెలియనప్పుడు మొదట వాడాల్సింది ఇదేనని 2024 అమెరికా మార్గదర్శకాలు అంటున్నాయి. 2022 యూరప్ మార్గదర్శకాలూ ఇటే మొగ్గాయి.

మెట్రోనిడజోల్‌కి మన క్రిములు లొంగవని పైన చెప్పి, మళ్లీ మెట్రోనిడజోల్ ఉన్న కోర్సునే మెచ్చుకోవడం ఏమిటన్న అనుమానం సహజం. ల్యాబులో లొంగకపోవడం, కడుపులో లొంగకపోవడం ఈ మందు విషయంలో ఒకటి కాదు. మోతాదు పూర్తిగా ఇచ్చి, 14 రోజులు ఇచ్చి, పక్కన బిస్మత్, టెట్రాసైక్లిన్ ఉంటే ఆ ఎదురుతిరుగుడును చాలావరకు అధిగమించవచ్చు. క్లారిత్రోమైసిన్‌తో అలా కుదరదు; దానికి ఎదురుతిరిగిన క్రిమి మోతాదు పెంచినా లొంగదు. అందుకే ఈ కోర్సులో మెట్రోనిడజోల్‌ను "సగం చాలులే" అని తగ్గించడం, పది రోజులకు ఆపేయడం రెండూ నష్టమే. పెన్సిలిన్ పడనివాళ్లకు ఇంకో మేలు: ఇందులో అమాక్సిసిలిన్ లేదు.

కష్టాలు ముందే తెలిసుంటే సగం భయం పోతుంది. బిస్మత్‌తో మలం నల్లగా వస్తుంది, నాలుక కూడా నల్లబడొచ్చు. మందు ఆపితే పోతుంది. కానీ తారులా జిగటగా, భరించలేని వాసనతో వచ్చి, కళ్లు తిరుగుతుంటే అది బిస్మత్ రంగు కాదు, అల్సర్ నుంచి రక్తం పోతున్నట్టు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మెట్రోనిడజోల్‌తో నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది, వికారం వస్తుంది. కోర్సు నడిచినన్నాళ్లూ, ఆ తర్వాత మూడు రోజుల దాకా మద్యం ముట్టకూడదు, బీరూ మద్యమే. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ముందే చెప్పాలి.

టెట్రాసైక్లిన్‌కి మన తిండితోనే గొడవ. పాలు, పెరుగు, మజ్జిగ, ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు దాన్ని పట్టేసుకుని ఒంటికి పట్టనీయవు. పెరుగన్నం తినగానే ఈ గొట్టం మింగితే మందు వృథా. పెరుగు మానలేనివాళ్లు మందుకు, పెరుగుకు మధ్య కనీసం రెండు గంటల ఎడం పెట్టుకోవాలి. రాత్రి చివరి మోతాదు పక్క మీద కూర్చుని గుటకెడు నీళ్లతో మింగి పడుకుంటే గొట్టం అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. గ్లాసు నిండా నీళ్లు తాగి, అరగంటైనా కూర్చోవాలి. ఎండలో చర్మం త్వరగా మాడుతుంది కాబట్టి మే నెలలో పొలం పని చేసేవాళ్లు తలగుడ్డ, పొడుగు చేతుల చొక్కా మరవొద్దు. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ ఇవ్వరు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు బిస్మత్, టెట్రాసైక్లిన్ రెండూ ఆలోచించి ఇవ్వాల్సినవి.

అసలు కష్టం దొరకడం దగ్గర. టెట్రాసైక్లిన్ చవక మందు, పాత మందు. అన్ని షాపుల్లో ఉండదు. "అది లేదు, డాక్సీసైక్లిన్ ఉంది, రెండూ ఒకటే" అని కౌంటర్‌లో చెబితే ఒప్పుకోవద్దు. ఈ క్రిమి విషయంలో రెండూ ఒకటి కావు, డాక్సీసైక్లిన్‌తో ఫలితాలు తగ్గుతాయి. పెద్ద ఆసుపత్రి ఫార్మసీలో అడగండి, రెండు రోజులు ఆలస్యమైనా తెప్పించుకోండి. ఈ క్రిమి కడుపులో ఏళ్లుగా ఉంది, రక్తస్రావం లాంటి తొందర లేకపోతే వారం ఆగడం వల్ల వచ్చే ముప్పేమీ లేదు.

అమెరికా, యూరప్‌లలో ఉన్నవాళ్లకు ఈ మూడు మందులనూ ఒకే గొట్టంలో పెట్టిన పైలెరా ఉంది; మూడేసి గొట్టాలు నాలుగుసార్లు, పది రోజులు, పక్కన ఓమెప్రజోల్. పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడ పరీక్ష చేయించుకున్న తల్లిదండ్రులకు లెక్క తప్పకుండా వేసుకోవడానికి అది నయం.

కాంకామిటెంట్, సీక్వెన్షియల్

టెట్రాసైక్లిన్ దొరకనిచోట డాక్టర్లు ఎక్కువగా పట్టుకునేది కాంకామిటెంట్. క్లారిత్రోమైసిన్ ట్రిపుల్‌కే మెట్రోనిడజోల్ గానీ టినిడజోల్ గానీ కలిపి, నాలుగూ రోజుకు రెండుసార్లు. క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్ రెండింటిలో ఒకదానికైనా క్రిమి లొంగుతుందన్న ఆశ మీద నడిచే కోర్సు. రెండింటికీ ఎదురుతిరిగిన క్రిమైతే చివరికి పనిచేసేది అమాక్సిసిలిన్ ఒక్కటే. రెండు కుటుంబాల మందులూ మీ పాత చీటీల్లో ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. మొదటి ఐదు రోజులు ఒక యాంటీబయాటిక్, తర్వాతి ఐదు రోజులు వేరే యాంటీబయాటిక్‌లు ఇచ్చే సీక్వెన్షియల్ కోర్సు గురించి ఎక్కువ చెప్పను. ఒకప్పుడు ఊపు మీద ఉండేది, ఇప్పుడు మార్గదర్శకాలు దాన్ని పక్కన పెట్టాయి.

వోనోప్రజాన్: కొత్తగా వచ్చింది

ఆమ్లం తగ్గించే మామూలు పీపీఐ మాత్రలు, అంటే పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఈసోమెప్రజోల్, భోజనానికి అరగంట నుంచి గంట ముందు పరగడుపున వేసుకుంటేనే సరిగా పనిచేస్తాయి. పైగా కొందరి కాలేయం కొన్నిటిని తొందరగా కరిగించేస్తుంది, మోతాదు చాలదు. జపాన్‌లో 2014లో అనుమతి పొందిన వోనోప్రజాన్‌కు తిండితో పేచీ లేదు, ఆమ్లాన్ని ఇంకా గట్టిగా, ఎక్కువసేపు అణిచిపెడుతుంది. ఇప్పుడు మన దగ్గరా దొరుకుతోంది.

దీంతో రెండు రకాల కోర్సులున్నాయి. ఒకటి, పాత ట్రిపుల్‌లో పీపీఐ బదులు వోనోప్రజాన్. రెండోది డ్యూయల్: వోనోప్రజాన్ 20 ఎంజీ రోజుకు రెండుసార్లు, అమాక్సిసిలిన్ 1 గ్రాము మూడుసార్లు, 14 రోజులు, అంతే. క్లారిత్రోమైసిన్ లేదు, మెట్రోనిడజోల్ లేదు, నోటి చేదు లేదు. అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. పైన చెప్పిన అదే పెద్ద పరీక్షలో రోగులందరినీ కలిపి చూస్తే వోనోప్రజాన్ ట్రిపుల్ 81 శాతం, డ్యూయల్ 77 శాతం, పాత ట్రిపుల్ 68.5 శాతం మందికి పనిచేశాయి. క్లారిత్రోమైసిన్‌కి లొంగని క్రిమి ఉన్నవాళ్లలో డ్యూయల్ దాదాపు 70 శాతం.

పాతదానికంటే మేలే, సందేహం లేదు. అయితే కోర్సు అంటే నూటికి 90 మందికైనా పనిచేయాలన్నది ఈ రంగంలో అందరూ పెట్టుకున్న గీత. ఆ గీతను అమెరికా, యూరప్ రోగుల్లో ఇది దాటలేదు. జపాన్‌లో ఫలితాలు బాగున్నాయి, వాళ్ల ఒంటి బరువు, క్రిమి రకం వేరు. మనవాళ్ల మీద ఇంకా ఎక్కువ అనుభవం రావాలి. పద్నాలుగు మాత్రల కోర్సు తట్టుకోలేని వృద్ధులకు, ఇప్పటికే పది మందులు వాడుతున్నవాళ్లకు, పెన్సిలిన్ పడితే, దీన్ని రెండో ఎంపికగా పెట్టుకోవచ్చు. పాత ట్రిపుల్ కంటే ఇదే నయమని నా లెక్క.

లెవోఫ్లాక్సాసిన్, రిఫాబ్యుటిన్: తర్వాతి వరసలో ఉండాల్సినవి

లెవోఫ్లాక్సాసిన్ కోర్సు తేలిక, ఆమ్లం తగ్గించే మాత్ర, అమాక్సిసిలిన్‌లకు తోడు రోజుకు ఒక్క మాత్రే. కానీ సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ ఇంతగా వాడే మన దేశంలో పరీక్ష లేకుండా దాని మీద ఆశ పెట్టుకోలేం. కండరాన్ని ఎముకకు కట్టే టెండన్లు నొప్పి పెట్టడం, షుగరు ఉన్నవాళ్లకు షుగరు ఒక్కసారిగా పడిపోవడం లేదా పెరగడం దీంతో ఉన్నాయి. రెండు వారాలకు మించిన దగ్గు ఉంటే ముందు టీబీ పరీక్ష చేయించాలి. ఈ మందు టీబీని కొంతకాలం కప్పిపెట్టి గుర్తించడం ఆలస్యం చేస్తుంది.

రిఫాబ్యుటిన్ టీబీ మందు రిఫాంపిసిన్‌కి చుట్టం. అమెరికాలో ఓమెప్రజోల్, అమాక్సిసిలిన్‌తో కలిపిన గొట్టంగా 2019లో అనుమతి వచ్చింది, పరీక్షలో 84 శాతం దాకా పనిచేసింది. మందుగా మంచిదే. కానీ ప్రపంచంలోకెల్లా టీబీ రోగులు ఎక్కువున్న దేశంలో టీబీకి దాచుకోవాల్సిన ఆయుధాన్ని కడుపు మంటకు మొదటే తీయడం తగదు. రెండు కోర్సులు విఫలమయ్యాక, టీబీ లేదని తేల్చుకున్నాక, నిపుణుడి చేతిలో ఉండాల్సిన మందు. మూత్రం నారింజ రంగులోకి మారితే కంగారు పడొద్దు. గర్భనిరోధక మాత్రలు మాత్రం దీనితో పనిచేయకపోవచ్చు.

కిట్ కొనేముందు

ఒక రోజు మందులన్నీ ఒకే అట్టలో పెట్టిన కిట్‌లు మన షాపుల్లో బాగా కనిపిస్తాయి. లెక్క తప్పదు, అది మేలు. కానీ అట్ట తిప్పి మూడు విషయాలు చదవండి. క్లారిత్రోమైసిన్ ఎన్ని ఎంజీ: 250 అయితే పూటకు 500 రాదు. అమాక్సిసిలిన్ పూటకు 1 గ్రాము ఉందా, 750 ఉందా. ఏడు రోజులకా, పద్నాలుగు రోజులకా. ఏడు రోజుల కిట్ ఒకటి వాడి "కోర్సు అయిపోయింది" అనుకునేవాళ్లలో చాలామందికి క్రిమి చావదు, పైగా క్లారిత్రోమైసిన్‌కి మొండిదై మిగలొచ్చు. రెండోసారి క్లారిత్రోమైసిన్ ఇక పనికిరాదు.

ఎవరికి ఏది

మాక్రోలైడ్ (అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ కుటుంబం), మెట్రోనిడజోల్ రెండూ వాడిన చరిత్ర ఉన్న, కిడ్నీలు బాగున్న పెద్దవాళ్లకు బిస్మత్ క్వాడ్రపుల్. పెన్సిలిన్ పడనివాళ్లకూ అదే. టెట్రాసైక్లిన్ ఎంత వెతికినా దొరకకపోతే వోనోప్రజాన్ డ్యూయల్, లేకపోతే 14 రోజుల కాంకామిటెంట్. గర్భిణులకు, అత్యవసరమైతే తప్ప, కాన్పయ్యేదాకా ఆగడమే ఆనవాయితీ. ఒకసారి క్లారిత్రోమైసిన్ ట్రిపుల్ వాడి క్రిమి పోకపోతే రెండోసారి క్లారిత్రోమైసిన్ ఉన్న కోర్సు ఏదీ వద్దు. బిస్మత్ క్వాడ్రపుల్‌కి మారాలి. లెవోఫ్లాక్సాసిన్‌దీ ఇదే నియమం. అమాక్సిసిలిన్, టెట్రాసైక్లిన్, బిస్మత్‌లను మాత్రం మళ్లీ వాడొచ్చు. రెండుసార్లు విఫలమైతే గుడ్డిగా మూడో చీటీకి వెళ్లకుండా, ఎండోస్కోపీలో ముక్క తీసి క్రిమి దేనికి లొంగుతుందో పరీక్ష చేయించే సౌకర్యమున్న ఆసుపత్రిని వెతుక్కోవాలి.

వెల్లుల్లి, తేనె, పసుపు పాలు తాగితే తప్పు లేదు, క్రిమి చావదు. ప్రొబయాటిక్‌లు విరేచనాలు తగ్గిస్తాయి, అంతవరకే. బరువు తగ్గిపోవడం, మింగడం కష్టంగా ఉండటం, రక్తపు వాంతి, రక్తహీనత ఉంటే కోర్సుల పోలిక కాదు, ముందు ఎండోస్కోపీ.

పోయిందో లేదో తేల్చుకోవడం

మంట తగ్గిందంటే క్రిమి పోయినట్టు కాదు. ఆమ్లం తగ్గించే మాత్ర ఒక్కటే మంటను తగ్గించేస్తుంది. కోర్సు ముగిసిన నాలుగు వారాల తర్వాత ఊపిరి పరీక్ష, అంటే యూరియా బ్రెత్ టెస్ట్ గానీ, మలంలో యాంటిజెన్ పరీక్ష గానీ చేయించాలి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఇక్కడ పనికిరాదు. క్రిమి పోయినా నెలలు, ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే చూపిస్తుంది. దానికి డబ్బులు పెట్టి, "ఇంకా ఉందట" అని మరో కోర్సు మింగిన వాళ్లున్నారు.

పరీక్షకు ముందు నాలుగు వారాలు ఏ యాంటీబయాటిక్, బిస్మత్ ఉండకూడదు. పీపీఐ, వోనోప్రజాన్ రెండు వారాల ముందే ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేదని వస్తుంది. ఆ రెండు వారాల్లో మంట పుడితే మామూలు యాంటాసిడ్ జెల్ తాగొచ్చు. ఫామోటిడిన్ వాడాల్సివస్తే పరీక్షకు రెండు రోజుల ముందు అదీ ఆపేసి, ఆ రోజు ఉదయం కాఫీ కూడా లేకుండా పరగడుపున వెళ్లాలి.